ఆ వాక్యం ఎవరి నోటిది?

రామాపురంలో బస్సెక్కినప్పుడు ఉన్న ధైర్యం బాపట్లలో దిగేసరికి వెంకాయమ్మ దగ్గర సగమే మిగిలింది.

మన దేశానికీ, సముద్రం అవతలి కొన్ని దేశాలకీ మధ్య వర్తక ఒప్పందం కుదురుతోందన్న సంగతి పల్లెకు తెలిసి ఎన్నాళ్ళో కాలేదు. అందులో ఒక్క వాక్యం వాళ్ళ మెడకు చుట్టుకుంది. ‘ఇంజను బిగించిన ప్రతి పడవనూ వ్యాపార పడవగానే లెక్కించాలి.’ వ్యాపార పడవ అయితే రాయితీ డీజిలు రాదు. వేట నిషేధం రోజుల్లో ఇచ్చే సాయమూ రాదు. అవి రెండూ లేకపోతే వెంకాయమ్మ భర్త మస్తానయ్య, కొడుకు ఉదయ్ కలిసి నడిపే ఫైబర్ పడవ ఇసుకలో బోర్లా పడుకోవలసిందే. ఆ వాక్యం ఎవరు పెట్టారని అడిగితే కలెక్టరాఫీసు వాళ్ళు ఢిల్లీ అన్నారు. ఢిల్లీ వాళ్ళు పైనించి వచ్చిందన్నారు. ఢిల్లీకి పైన ఏముంటుందో పల్లెలో ఎవరికీ తెలియలేదు. ఇవాళ ఢిల్లీ అధికారులే మత్స్యకారుల మాట వినడానికి బాపట్ల వస్తున్నారు. పల్లె తరఫున మాట్లాడి, ఆ వాక్యాన్ని తీయించి రావలసిన బాధ్యత వెంకాయమ్మ మీద పడింది.

కల్యాణమండపం గేటు దగ్గర బ్రహ్మాజీ ఎదురయ్యాడు. పల్లెకు పెద్ద, ఆమెకు వరసకు బావ.

“ఏంటి వెంకాయమ్మా, పెళ్ళిచూపులకొచ్చిన పిల్లలాగా అట్టా బిగుసుకుపోయావు?”

“నువ్వే మాట్లాడరాదా బావా? తెల్లపంచె కట్టావు, జేబులో పెన్ను కూడా పెట్టావు.”

“అది రాయదులే. జేబు ఖాళీగా ఉంటే బాగోదని పెట్టా.” బ్రహ్మాజీ గొంతు తగ్గించాడు. “గంగమ్మ కొలుపులో పూనకం వచ్చినోళ్ళకి ఎదురు నిలబడి ‘ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు’ అని అడిగేది మన పల్లెలో నువ్వొక్కదానివే. అంతటి తల్లినే అడిగిన నోరు, ఈ ఆఫీసర్ని అడగలేదా?”

పక్కనే ఉన్న కోడలు జ్యోతిలక్ష్మి నవ్వింది. “మామా, అక్కడ వేపమండలుంటాయి. ఇక్కడ వాటర్ బాటిళ్ళే ఉన్నాయి.”

బయట కొబ్బరాకులు గాలికి ఊగుతున్నా లోపల ఉక్కగా ఉంది. ఏదో పెళ్ళికి కట్టిన బంతిపూల దండలు వేదిక వెనక వాడిపోయి వేలాడుతున్నాయి. థర్మాకోల్ అక్షరాల్లో పెళ్ళికూతురి పేరు సగం ఊడింది. సరిగ్గా దాని కిందే సంజీవరావు కూర్చున్నాడు. పరాయి దేశాల వాళ్ళకు ఎదురుగా బల్ల దగ్గర కూర్చుని బేరమాడేది ఆయనే. తెనాలిలో పుట్టిన మనిషి, చాలా ఏళ్ళుగా ఢిల్లీలో ఉంటున్నాడు. ఆయన పక్క కుర్చీలో ఉన్న మనిషిని చూసి వెంకాయమ్మకు ఎక్కడో చూసినట్టు అనిపించింది గానీ, ఎక్కడో అందలేదు.

సంజీవరావు మైకు అందుకున్నాడు.

“ఈ ఒప్పందం ఇరుపక్షాలకూ సమానంగా మేలు చేస్తుంది. చెరువు రొయ్యల మీద అక్కడి పన్ను తగ్గుతుంది. ప్రతిగా సముద్ర సంపదను కాపాడే బాధ్యతను మనం స్వీకరిస్తాం...”

ఆ తెలుగు తెనాలి తెలుగు కాదు. ఏ ఊరి తెలుగూ కాదు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకోవడం కనిపించలేదు. కళ్ళు మనుషుల మీద కాకుండా వాళ్ళ తలల పైన ఎక్కడో నిలిచి ఉన్నాయి.

జ్యోతిలక్ష్మి మోచేత్తో పొడిచింది. “అత్తా, ఇది చూడు. నిన్న రేపల్లె మీటింగు. మా చెల్లెలు శ్రీజ ఫోన్లో తీసి పంపింది.”

ఇయర్ ఫోను ఒకటి ఆమె చెవిలో పెట్టింది. ఒక చెవిలో నిన్నటి రేపల్లె, రెండో చెవిలో ఇవాళ్టి బాపట్ల. రెండింట్లో ఒకటే గొంతు, ఒకటే మాట.

“ఇప్పుడు ‘భావితరాల కోసం’ అంటాడు. అన్నాక దగ్గుతాడు,” అంది జ్యోతిలక్ష్మి.

“భావితరాల కోసం,” అన్నాడు సంజీవరావు. దగ్గాడు. ఫోన్లోనూ అదే క్షణంలో దగ్గు వినిపించింది.

జ్యోతిలక్ష్మి నవ్వుతూ చూపించింది గానీ, ఆ దగ్గు రెండు చెవుల్లోనూ కలిసేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది. వెంకాయమ్మ చేతుల మీద వెంట్రుకలు లేచాయి. మాటలు కంఠతా వచ్చాయంటే సరే. దగ్గు కూడా కంఠతా వస్తుందా?

ఇలాంటి గొంతు ఆమె ఎన్నోసార్లు విన్నది. కొలుపు నాడు సాంబ్రాణి పొగలో, తెలిసిన మనిషి నోట్లోంచి తెలియని మాట వస్తుంటే అచ్చం ఇలాగే ఉంటుంది. కళ్ళు అలాగే పైకి నిలుస్తాయి. ఊపిరి అలాగే ఆగుతుంది. అప్పుడు భయపడకూడదు, విదిలించకూడదు. మెల్లగా అడగాలి. లోపల ఉన్నదెవరో తెలిస్తేనే ఏం చెయ్యాలో తెలుస్తుంది.

ఆమె ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియలేదు. పల్లె కోసం మనసులో కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. అలవాటైన మాటే నోటికి వచ్చింది.

“ఎవరు నాయనా నువ్వు? ఎవరి మాట ఇది?”

హాల్లో నవ్వులు లేచాయి. ఎవరో “పసుపు నీళ్ళు తెండ్రా” అని అరిచారు. బ్రహ్మాజీ తల పట్టుకున్నాడు.

సంజీవరావు మాత్రం నవ్వలేదు. ఆయన మాట మధ్యలో తెగిపోయింది. కళ్ళు తలల పైనుంచి మెల్లగా దిగి, వరసలన్నీ వెతికి, ఆమె దగ్గర ఆగాయి. మొహంలో రక్తం లేదు.

“మళ్ళీ అడుగమ్మా,” అన్నాడు. ఇది తెనాలి గొంతు. “ఇంకొక్కసారి. నీ గొంతు నాకు వినపడాలి.”

“ఎవరి మాట నాయనా ఇది?”

ఆయన మైకు బల్ల మీద పెట్టేశాడు. “కాసేపు టీ తాగండయ్యా అందరూ,” అని, వేదిక దిగి వచ్చి, ఆమెను భోజనాల హాలు వైపు రమ్మని చెయ్యి ఊపాడు.

*

భోజనాల హాల్లో ఇనుప బల్లలు వరసగా ఉన్నాయి. ఎవరూ లేరు. బయట ఎండ పోయి మబ్బు పట్టింది గానీ చినుకు లేదు. జ్యోతిలక్ష్మి అత్త కొంగు పట్టుకుని నిలబడింది.

“అమ్మా, నువ్వెప్పుడైనా ఢిల్లీ వచ్చావా?” అన్నాడు సంజీవరావు.

“తిరుపతి దాటి ఎరగనండి.”

“నీ గొంతు నేను ఢిల్లీలో విన్నాను. చాలాసార్లు విన్నాను. పరాయి దేశంలో బల్ల దగ్గర కూడా విన్నాను. నీ గొంతు వినిపిస్తుంటే తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటాయి. వాళ్ళందరూ తల ఊపుతారు.”

వెంకాయమ్మకు ఒక్క మాటా అర్థం కాలేదు. అర్థం కానందుకే భయం వేసింది. ఆయన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. బొమ్మ లేదు, గొంతు మాత్రమే ఉంది.

“మాకెందుకండీ ఈ ఇంజను పడవలు! ఇంజనొచ్చాకే సముద్రం గొడ్డుబోయింది. గంగమ్మకి గిట్టట్లేదు. అన్నీ ఎత్తుకుపోతే పీడా పోద్ది.”

వెనకాల నూనెలో చేప వేగుతున్న చప్పుడు. అది వెంకాయమ్మ గొంతే. ఆమె బాణలే. ఆమె ఇల్లే.

జ్యోతిలక్ష్మి కొంగు వదిలేసింది. “అత్తా... ఏంటిది?”

“ఆ వాక్యం మీద నేనూ కొట్లాడానమ్మా,” అన్నాడు సంజీవరావు. “మా జాలర్లు ఒప్పుకోరన్నాను. అన్న ప్రతిసారీ ఇది వినిపించారు. ఇదిగో, మీ జాలరి ఆడమనిషే అడుగుతోంది కదా, మీకేంటి అభ్యంతరం అన్నారు. నాకు ఆ కుర్చీ ఉంది. నేను వెళ్ళి కూర్చునే సరికి మాట మాత్రం సిద్ధంగా ఉంటుంది.”

“మీకు వినిపించిందెవరండి?”

ఆయన గుమ్మం వైపు చూశాడు. ఇందాక వేదిక మీద ఆయన పక్కన కూర్చున్న మనిషి టీ గ్లాసుతో వచ్చి అక్కడ నిలబడి ఉన్నాడు.

“బాగున్నావా అక్కా? నేను రమేష్ బాబుని. గుర్తుపట్టలేదా? నువ్వు పెట్టిన వంజరం వేపుడు రుచి ఇంకా నాలిక మీదే ఉంది.”

అప్పుడు గుర్తొచ్చింది. కిందటి వానాకాలం సర్వే అంటూ వచ్చాడు. చేపలు ఎగుమతి చేసే పెద్ద కంపెనీ మనిషినని చెప్పాడు. గుమ్మంలో కూర్చోబెట్టి అన్నం పెట్టింది. ‘మీ పడవ బాగా ఆడుతోందా అక్కా, లాభంగా ఉందా’ అని అడిగాడు. ఆ వేళ పడవ నీళ్ళ మీద ఉంది.

ఈ ఒడ్డున పుట్టిన ఏ ఆడదైనా ఆ ప్రశ్నకు ఒకటే జవాబు చెబుతుంది. పడవ నీళ్ళ మీద ఉండగా బయటి మనిషి దగ్గర దాన్ని మెచ్చుకోకూడదు. డొక్కు అనాలి, దండగ అనాలి, ఎవరైనా ఎత్తుకుపోతే బాగుండనాలి. సముద్రం చెవులు రిక్కించుకుని ఉంటుంది. ఒడ్డు మీద దేన్ని మెచ్చుకుంటే అది తనకు కావాలంటుంది. అందుకే తిట్టాలి. తిట్టి, పక్కకు తుప్పున ఊసి, నవ్వెయ్యాలి. ఇది ఒకరు ఒకరికి నేర్పేది కూడా కాదు. చంటిపిల్లకు దిష్టిచుక్క పెట్టినంత మామూలు. వినేవాళ్ళు ఒడ్డువాళ్ళే అయినప్పుడు ఎవరూ తప్పుగా అనుకోరు.

“నేను నవ్వాను కదయ్యా!” అంది వెంకాయమ్మ. “అన్నాక ఊసి, నవ్వి, నువ్వు తిను బాబూ అన్నాను కదా. ఆ నవ్వేది?”

“చివర కొంచెం తీసేశారక్కా, నిడివి ఎక్కువైందని. నేను ఒక్క అక్షరం మార్చలేదు. నీ మీదొట్టు.”

“మా అత్త మీద నువ్వు ఒట్టెందుకు పెడతావు? నీ మీద పెట్టుకో,” అంది జ్యోతిలక్ష్మి.

రమేష్ బాబు మొహం చిన్నబోలేదు. అసలు ఆ మొహంలో ఏదీ మారలేదు. “మా పైవాళ్ళు జాలర్ల మాట ఒకటి తెమ్మన్నారు. తెచ్చాను. వాళ్ళని సరుకు కొనే వాళ్ళు అడిగారు. రొయ్యకి పన్ను తగ్గాలంటే మనం ఏదో ఒకటి వదులుకోవాలి కదా.”

“వదులుకున్నది నువ్వా?” అంది వెంకాయమ్మ. “ఆ కొనేవాళ్ళు ఎవరు బాబూ? వాళ్ళకి మా పడవ మీద పగేంటి?”

“నేను వాళ్ళని చూడలేదక్కా. మా పైవాళ్ళు కూడా చూసుండరు. మెయిల్ వస్తది, అంతే.”

అతను అబద్ధం చెప్పడం లేదని ఆమెకు తెలిసిపోయింది. అదే ఎక్కువ భయపెట్టింది. అమ్మవారు పూనితే అడిగినకొద్దీ చివరికి ఒక పేరు చెబుతుంది. ఈ మనుషుల్లో ఎవరిని అడిగినా ఇంకొకరి పేరు వస్తోంది. అడుగుతూ పోతే, అందరి వెనకా చీకట్లో నిలబడి ఉన్నది తన సొంత గొంతు. ఇన్నాళ్ళూ ఎదురు నిలబడి అడగడానికి నోరిచ్చిన తల్లి, అదే నోటిని ఇలా పరాయి చేతుల్లో ఎందుకు పడనిచ్చింది? తను చేసిన తప్పేంటి? అతిథికి అన్నం పెట్టడమా, మొగుడు క్షేమంగా తిరిగి రావాలనుకోవడమా?

రమేష్ బాబు టీ చల్లారిందంటూ వెళ్ళిపోయాడు. సంజీవరావు ఆమెకు దగ్గరగా వచ్చాడు.

“అమ్మా, నా మాటతో ఆ వాక్యం పోదు. అది నీ గొంతు మీద నిలబడింది. నీ గొంతుతోనే పడాలి. ఇవాళ హాల్లో మాట్లాడేదంతా రికార్డవుతోంది, అది నా చేతిలోనే ఉంటుంది. ఇంజను పడవ మీకు ఎంత మేలు చేస్తోందో నువ్వు నీ నోటితో మైకులో చెప్పు. ఆ రోజు అన్నది నిజం కాదని చెప్పు. అప్పుడు వాళ్ళ దగ్గర ఉన్నదానికి ఎదురుగా పెట్టడానికి నాకూ ఒకటి ఉంటుంది.”

“రేపు తెనాలిలో కూడా మీటింగుందంటగా, అక్కడ చెబితే కాదాండి? మావాళ్ళు తెల్లారేసరికి ఒడ్డుకొస్తారు. వచ్చాక ఎంతైనా చెప్తాను.”

“రేపు తెనాలిలో చెరువుల రైతులదీ, వ్యాపారులదీ మీటింగమ్మా. జాలర్ల మాట వినేది ఇవాళే. ఇంకో గంటలో లేచిపోతాం.”

ఆయనకు ఆమె భయం అర్థం కాలేదు. అర్థమైంది జ్యోతిలక్ష్మికి. ఇంటర్ చదివిన పిల్ల. పెళ్ళయిన కొత్తలో ఇలాంటివి విని పకపకా నవ్విన పిల్ల. ఇప్పుడు ఫోను తీసి ఉదయ్ నెంబరు నొక్కుతోంది. నొక్కి, విని, మళ్ళీ నొక్కుతోంది.

“దొరకట్లేదత్తా.”

“దొరకదు. లోపలికి పోయుంటారు.”

“వద్దత్తా. నీ మొగుడూ నా మొగుడూ ఇద్దరూ నీళ్ళ మీదే ఉన్నారు. దుర్గాదేవి పిన్ని కూడా వచ్చింది, మూడో వరసలో కూర్చుంది. చూశావా?”

చూసింది. దుర్గాదేవి కొత్త పడవ దింపిన ఏడాది, బేరానికొచ్చిన షావుకారుతో ‘మా పడవంత పడవ ఈ ఒడ్డున లేదు’ అంది. నోరు జారింది, అంతే. ఆ సాయంత్రం పడవ తనంతట తనే ఒడ్డుకొచ్చింది. వల మడత పెట్టినట్టే ఉంది. గిన్నెలో అన్నం వేడిగా ఉంది. మనుషులు లేరు. గాలివాటు అన్నారు పోలీసులు. ఆ రోజు గాలి లేదని పల్లె మొత్తానికీ తెలుసు.

“చెప్పకపోతే ఏమవుద్దే?” అంది వెంకాయమ్మ.

“ఆ వాక్యం ఉండిపోద్ది.”

“ఉండిపోతే?”

చెప్పకపోతే రేపటి నుంచి ఏ పడవా నీళ్ళ మీద ఉండదు. దిష్టి తగలడానికి కూడా పడవంటూ మిగలదు.

వెంకాయమ్మ కళ్ళు మూసుకుంది. ‘తల్లీ, నేను పొగడట్లేదు, నిజం చెప్తున్నాను. నిజానికీ పొగడ్తకీ తేడా మనుషులకి తెలియకపోయినా నీకు తెలీదా? నిన్ను నమ్ముకునే కదా అబద్ధమాడాను. ఇప్పుడు నిన్ను నమ్ముకునే నిజం చెప్తా.’

*

మైకు దగ్గరికి నడుస్తుంటే హాలు సద్దుమణిగింది. ఇందాక పసుపు నీళ్ళన్నవాడు కూడా నోరు మూసుకున్నాడు. రమేష్ బాబు ఫోను ఆమె వైపు తిప్పి, బల్ల మీద నిలబెట్టాడు. ఆమె అతన్ని చూసింది.

“తీసుకో బాబూ. ఈసారి నేను నవ్వను, నువ్వు తీసేసే పని లేదు.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె గొంతు సవరించుకుంది.

“నా పేరు వెంకాయమ్మ. మాది రామాపురం. మాకు ఇంజను పడవలొద్దని ఒక ఆడమనిషి అన్నదని పెద్ద పెద్ద దేశాలు నమ్మాయంట. ఆ ఆడమనిషిని నేనే.”

హాలంతా గగ్గోలెత్తింది. “ఏంటేంటి?” అంటూ బ్రహ్మాజీ లేచి నిలబడ్డాడు. ఆమె ఆగలేదు. ఆగితే మళ్ళీ మాట్లాడలేనని తెలుసు.

“అది దిష్టి మాట. మీ అందరి ఇళ్ళల్లో ఉండేదే. నా మనసులో మాట ఇది. వినండి. మా పడవ మంచిది.” కిటికీ వైపు ఒక్కసారి చూసింది. “మా పడవ బంగారం. అలని చీల్చుకుపోద్ది. ఇంజను లేనప్పుడు మా మావ తెడ్డేసీ తెడ్డేసీ భుజం పోయి మంచాన పడ్డాడు. ఇంజనొచ్చాక నా మొగుడు నిటారుగా నడుస్తున్నాడు. గాలి మారిందంటే చీకటి పడకముందే ఇంటికి తెస్తది. ఇంతమంది ఆడాళ్ళ మెడలో పసుపుతాడు ఆ ఇంజను వల్లే ఉంది. అది వ్యాపారం కాదు, మా ప్రాణం. మా పడవంత పడవ...”

మూడో వరసలో దుర్గాదేవి రెండు చేతులతో చెవులు మూసుకుంది.

“...ఈ ఒడ్డున లేదు,” అంది వెంకాయమ్మ.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒడ్డు నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. సంజీవరావు తల వంచుకుని, తన ముందున్న చిన్న పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతోందో లేదో చూసుకున్నాడు. “వచ్చిందమ్మా,” అన్నాడు మెల్లగా. “మొత్తం వచ్చింది. ఇది నేను వినిపిస్తాను. వినకపోతే ఆ కుర్చీలో కూర్చోను.” ఇన్నేళ్ళ ఢిల్లీ తర్వాత ఆయన మొహం మీద మొదటిసారి తన సొంత మాటేదో అన్న మనిషి వెలుగు కనిపించింది. వెంకాయమ్మకు ఆ మాట వినపడింది. పని అయింది. పల్లె పంపిన పని తను చేసింది.

అప్పుడే కిటికీల బయట కొబ్బరాకుల చప్పుడు ఆగిపోయింది. పొద్దున్నుంచీ వీస్తున్న గాలి, ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు ఒక్కసారిగా నిలిచిపోయింది.

జ్యోతిలక్ష్మి చేతిలో ఫోను మోగింది. అంత పెద్ద హాల్లో అదొక్కటే చప్పుడు.

“ఆయనే. ఇందాక అందనిది ఇప్పుడెలా అందిందో,” అంది. చెవి దగ్గర పెట్టుకుని విని, వేదిక దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. “నీకే ఇమ్మంటున్నాడు.”

జ్యోతిలక్ష్మి స్పీకరు నొక్కి ఇచ్చిన ఫోనును వెంకాయమ్మ అందుకుంది. మైకు ఇంకా ఆమె ముందే ఉంది. ఉదయ్ గొంతు హాలంతటికీ వినపడింది. వెనకాల ఇంజను గట్టిగా, నిండుగా ఆడుతోంది.

“అమ్మా, ఇంజను బాగానే ఉంది. పడవే కదలట్లేదు. ఇక్కడ ఇసుకమేట లేదు, లోతు నీళ్ళు. వలేదీ చుట్టుకోలేదు, దిగి చూశా. అడుగునెవరో పట్టుకున్నట్టు ఆగిపోయింది.”

“నాన్నేడిరా?”

“అంచు మీద వంగి నీళ్ళలోకి చూస్తున్నాడు. పిలిచినా పలకట్లేదు. ఇప్పుడే ఒక్క మాటన్నాడు, నిన్నడగమని.”

“ఏమని?”

“ఇయాళ పడవ గురించి ఎవరి దగ్గరైనా ఏమన్నా అన్నావా అమ్మా?”